టిక్కెట్టు చెల్లిన దూరం: మసూరు స్టేషనూ మన వారసత్వమూ

పాత రైల్వే స్టేషన్లను కాపాడాలన్న మాట ఈమధ్య తరచుగా వినపడుతున్నది. డార్జిలింగ్ కొండ రైలు 1999లో, బొంబాయి ఛత్రపతి శివాజీ టెర్మినస్ 2004లో, నీలగిరి రైలు 2005లో, కాల్కా–సిమ్లా లైను 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. 1856లో తెరిచిన మద్రాసు రాయపురం స్టేషను భవనాన్ని 2005లో బాగుచేయించారు. ఇంకోపక్క 2023 ఆగస్టు 6న ఒక్కరోజులోనే 508 స్టేషన్ల పునరభివృద్ధికి శంకుస్థాపన జరిగింది. మన సికింద్రాబాద్ స్టేషను పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చేశారు. దాన్ని చూస్తూ పెరిగిన జంటనగరాల జనం బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. పాత కట్టడం ఒకసారి పోతే మళ్లీ రాదు.

అయితే ఒక ప్రశ్న ఉంది. ఏ కొలత పెట్టి ఒక స్టేషనును వారసత్వం అంటున్నారు? కమానుల అందం, రాతి చెక్కడం, గడియారం, కట్టిన ఇంజనీరు పేరు, దిగిన వైస్రాయి పేరు. ఈ కొలతతో చూస్తే పల్లెటూరి స్టేషన్లు చాలావరకు లెక్కలోకే రావు. ఒక టిక్కెట్టు గది, ఒక మాస్టరు గది, ప్లాట్‌ఫారం, బయట చెట్టు కింద నాలుగు బండ్లు. అందులో చూడ్డానికి ఏముందంటారు. ఈ దేశంలో రైలూ కులమూ ముఖాముఖి నిలబడిన చోటు మాత్రం సరిగ్గా అదే. ఆ ముఖాముఖికి మనకున్న అతి స్పష్టమైన రాతపూర్వక సాక్ష్యం ఒక పల్లెటూరి స్టేషనుదే. దాని పేరు మసూరు.

మసూరు మహారాష్ట్రలో, సతారా జిల్లా కరాడ్ తాలూకాలో, పూణె–మిరజ్ మార్గంలో ఉంది. ఆ రోజుల్లో ఆ లైనును సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నడిపేది. మన గుంతకల్లు–బెజవాడ మీటరుగేజి లైనును నడిపిందీ ఆ కంపెనీయే. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసి ఎం.ఎస్.ఎం. కంపెనీ అయింది. కాబట్టి మసూరు కథ మనకి పరాయి కథేమీ కాదు. ఒకే కంపెనీ, ఒకే రూలు పుస్తకం, ఒకే కులం.

గంటన్నర సేపు

1901. వేసవి సెలవులు. భీమ్‌రావుకి తొమ్మిదేళ్లు దాటాయి. తల్లి చనిపోయింది. తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారుగా రిటైరై, ఖటావ్ తాలూకాలోని కోరెగావ్‌లో క్యాషియరు పని చేస్తున్నాడు. (ఇది పూణె జిల్లాలోని భీమా కోరెగావ్ కాదు, వేరే ఊరు.) కరువుకి జనం వేలల్లో చచ్చిపోతుంటే ప్రభుత్వం అక్కడ చెరువు తవ్వకం పని పెట్టింది. పిల్లలు సతారాలో మేనత్త దగ్గర ఉన్నారు. ఆమెకు కాళ్ల జబ్బు, సరిగ్గా తిరగలేదు. సెలవులకి రమ్మని తండ్రి ఉత్తరం రాశాడు. భీమ్‌రావు, అతని అన్న, చనిపోయిన అక్క కొడుకులిద్దరు, మొత్తం నలుగురు పిల్లలు బయల్దేరారు. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు ధోవతులు. పది మైళ్ల దూరంలో ఉన్న స్టేషనుకి జట్కాలో వెళ్లి టిక్కెట్లు కొని రైలెక్కారు. రైలు ప్రయాణం వాళ్లకి పండగలా ఉంది. తలా ఒక నిమ్మ సోడా తాగారు.

సాయంత్రం ఐదు గంటలకి మసూరులో దిగారు. కాసేపటికి దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. తండ్రి రాలేదు, ఆయన పంపాల్సిన నౌకరూ రాలేదు. (ఉత్తరం అందుకున్న నౌకరు దాన్ని తండ్రికి ఇవ్వడం మరిచిపోయాడని తర్వాత తెలిసింది.) స్టేషను మాస్టరు వచ్చి టిక్కెట్లు చూశాడు. మంచి బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి బ్రాహ్మల పిల్లలనుకున్నాడు, జాలిపడ్డాడు. మీరెవరని అడిగాడు. భీమ్‌రావు ఆలోచించకుండా మహార్లం అనేశాడు. మాస్టరు ముఖం మారిపోయింది. మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లిపోయాడు. పిల్లలు నిలబడినచోటే నిలబడ్డారు. పొద్దు వాలుతున్నది.

అరగంట తర్వాత మాస్టరు తిరిగొచ్చి ఏం చేద్దామనుకుంటున్నారని అడిగాడు. బాడుగ బండి దొరికితే వెళ్తామన్నారు. స్టేషను బయట బండ్లు చాలానే ఉన్నాయి. కానీ పిల్లల కులం సంగతి అప్పటికే బండివాళ్లందరికీ పాకింది. రెట్టింపు బాడుగ ఇస్తామన్నా ఒక్కడూ ఒప్పుకోలేదు. చివరికి మాస్టరుకి ఒక ఉపాయం తట్టింది. బండి మీరు తోలగలరా అని అడిగాడు. తోలగలమన్నారు. బాడుగ రెండింతలు, బండి తోలేది పిల్లలు, బండివాడు పక్కన నడిచి రావాలి. ఈ షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు. ఆరున్నరకి బయల్దేరారు. ఆ రాత్రి తాగడానికి నీళ్లు దొరకలేదు. టోలుగేటు దగ్గర ఆగి, బండివాడు చెప్పినట్టు ముసల్మానులమని చెప్పుకున్నా నీళ్లు పుట్టలేదు. మర్నాడు పదకొండు గంటలకి గాని కోరెగావ్ చేరలేదు.

ఇదంతా బాబాసాహెబ్ తానే రాసుకున్నారు. వీసా కోసం నిరీక్షణ అన్న పేరు పెట్టిన ఆ చిన్న రచన 1930ల నడుమ రాసింది. 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ చిన్న పుస్తకంగా అచ్చువేసింది. తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల సంపుటాల్లో పన్నెండో దానిలో చేరింది. అంటే ఆయన పోయిన ముప్ఫై నాలుగేళ్లకి గాని ఈ సాక్ష్యం చదువరుల చేతికి రాలేదు.

టిక్కెట్టు ఎక్కడిదాకా చెల్లింది

ఈ కథని కన్నీళ్ల కోసం చదివి వదిలేస్తే మనకి చరిత్ర దక్కదు. దీన్ని జాగ్రత్తగా చూడాలి. సతారా నుంచి మసూరు దాకా ఆ పిల్లల్ని ఎవరూ ఏమీ అనలేదు. పైకం కట్టారు, టిక్కెట్టు తీసుకున్నారు, రైలెక్కారు. పెట్టెలో కూర్చున్నవాడి కులం టిక్కెట్టు మీద అచ్చుకాలేదు. కంపెనీకి కావలసింది ఛార్జీ డబ్బు. ఇది చిన్న విషయం కాదు. బాట మీద నడవనివ్వని దేశంలో బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టిన మొదటి వాహనం రైలు.

ఆ సమానత్వం ప్లాట్‌ఫారం చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆపినవాడు ఎవరు? అక్కడ కంపెనీ జీతం తీసుకుంటున్న ఉద్యోగి ఉన్నాడు. టిక్కెట్లు చూసేటప్పుడు అతను రైల్వే మనిషి. మీరెవరని అడిగిన క్షణాన ఊరి మనిషి అయిపోయాడు. ఒకే కోటులో ఇద్దరు మనుషులు. గదిలోకి వెళ్లిన ఆ అరగంటలో అతనేం ఆలోచించాడో మనకి తెలీదు. కానీ బయటికొచ్చి అతను కుదిర్చిన బేరాన్ని చూస్తే ఈ దేశపు ఆధునికత నడక మొత్తం అర్థమవుతుంది.

ఆ బేరంలో బండివాడికి రెండింతల డబ్బు వచ్చింది, అతని కులానికి చిల్లు పడలేదు. పిల్లలకి బండి దొరికింది. కాని ప్రయాణికులే పనివాళ్లయ్యారు, అందుకు డబ్బు కూడా వాళ్లే కట్టారు. డబ్బు కులాన్ని కరిగిస్తుందని మనకి చెప్తూ వచ్చారు. మసూరులో డబ్బు కులంతో రాజీ కుదుర్చుకుంది, ఆ రాజీ ఖర్చుని మహారు పిల్లల నెత్తిన వేసింది.

1853లో, బొంబాయి–ఠాణా రైలు నడిచిన ఏడాదే, కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో రాస్తూ, రైళ్ల వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులాలకి ఆధారమైన వంశపారంపర్య శ్రమ విభజనను కరిగిస్తుందని అంచనా వేశాడు. మన కమ్యూనిస్టు మిత్రులు ఆ అంచనాను చాలాకాలం నమ్మారు. మసూరు సంగతి ఆ తర్వాత నలభై ఎనిమిదేళ్లకి జరిగింది. ఇంకో ఇరవై ఎనిమిదేళ్లకి, 1929లో, చాలీస్‌గావ్ స్టేషనులో మళ్లీ అదే జరిగింది. అప్పటికి ఆయన బారిస్టరు, అస్పృశ్యుల ఇబ్బందులను విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. స్టేషను నుంచి మహార్‌వాడకి తీసుకుపోవడానికి జట్కావాళ్లు ఒప్పుకోలేదు. జట్కా ఇస్తాం గాని తోలం అన్నారు. తోలడం రాని ఒక వాడమనిషి పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర బండి దెబ్బతిని బాబాసాహెబ్ కిందపడ్డారు, కాలికి గాయమైంది. చదువు మారింది, హోదా మారింది, స్టేషను మారింది. బేరం మాత్రం మారలేదు.

గ్యాంగులో ఎవరు, గదిలో ఎవరు

రైలు కులాన్ని కరిగించకపోగా తన లోపలికి తెచ్చిపెట్టుకుంది. ఈ మాట బాబాసాహెబ్ 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో చెప్పారు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అనే రెండు శత్రువులు ఉన్నాయని ఆయన చెప్పింది ఆ సభలోనే. బ్రాహ్మణవాదం అంటే ఒక కులం వాళ్లు అని తన ఉద్దేశం కాదనీ, స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావాలను నిరాకరించే తత్వమనీ కూడా అక్కడే వివరించారు.

మనవాళ్లు ఆ రెండు శత్రువుల మాటనే ఎక్కువగా ఉదహరిస్తారు. అదే ప్రసంగంలో ఇంకో ముక్క ఉంది. అంటరానివాడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరితే గ్యాంగ్‌మన్‌గానే ముగుస్తాడు, పోర్టరు పని కూడా అతనికి దొరకదు. ఎందుకు? పోర్టరు స్టేషను మాస్టరు ఇంట్లో పని కూడా చెయ్యాలి. మాస్టరు సవర్ణుడు. తన ఇంట్లోకి అంటరానివాణ్ణి రానివ్వడు. కాబట్టి పోర్టరు ఉద్యోగం కూడా ఇవ్వడు. మసూరు మాస్టరు గది తలుపు ఈ ముక్కలో మళ్లీ కనపడుతుంది. 1901లో ఆ తలుపు బయట నిలబడ్డ పిల్లవాడు 1938లో వచ్చి, ఆ తలుపు వెనక ఉన్న ఉద్యోగాల లెక్కంతా విప్పి చెప్పాడు.

వారసత్వ భవనం అంటూ మనం చూసే ప్రతి స్టేషనులోనూ ఈ రెండు లోకాలు ఉన్నాయి. ఒకటి పైకప్పు ఉన్న లోకం, మాస్టరు గది, టెలిగ్రాఫు బల్ల, మొదటి తరగతి విశ్రాంతి గది. రెండోది పట్టాల మీది లోకం. ఎండలో కంకర సర్దేవాళ్లు, రాత్రిళ్లు లాంతరు పట్టుకుని లైను చూసేవాళ్లు, పట్టాల మీది మలాన్ని ఎత్తేవాళ్లు. బాగుచేయించేటప్పుడు సున్నం కొట్టేది మొదటి లోకానికే.

దక్షిణాది స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మలకి ఒక గది, ఇతరులకి ఒక గది ఉండేవి. పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం దానిమీద పోరాడింది. 1940ల మొదట్లో గాని ఆ బోర్డులు దిగలేదు. ఇవాళ ఆ పాత గదుల్ని ఎక్కడైనా పునరుద్ధరిస్తే, ఆ బోర్డు సంగతి కూడా గోడమీద రాస్తారా, లేక పాత బల్లలకి పాలిష్ పెట్టి సరిపెడతారా? పునరుద్ధరణ అన్న మాటకి నిజమైన పరీక్ష ఇదే.

ఒక స్టేషను గుర్తుంది, ఇంకొకటి గుర్తులేదు

అవమానం జరిగిన స్టేషనుని కాపాడటం లోకంలో లేనిదేమీ కాదు. దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి టిక్కెట్టు ఉన్న మోహన్‌దాస్ గాంధీని రంగు కారణంగా రైలు నుంచి దించేశారు. ఆ ప్లాట్‌ఫారం మీద ఫలకం ఉంది. 2018లో 125 ఏళ్లు నిండినప్పుడు భారత విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ అక్కడికి వెళ్లి కార్యక్రమంలో పాల్గొన్నారు. మన బడిపిల్లలకి ఆ స్టేషను కథ కంఠతా వచ్చు. ఆ స్టేషనుని గుర్తుపెట్టుకోవడం సరైన పనే. జాతి వివక్ష ఎక్కడ జరిగినా దాని గుర్తు మిగలాలి.

మరి ఎనిమిదేళ్ల తర్వాత, ఇదే దేశంలో, టిక్కెట్టు ఉన్న నలుగురు పిల్లలు నిలబడిన ప్లాట్‌ఫారం ఎందరికి తెలుసు? తేడా ఎక్కడుందంటే, మొదటి కథలో దోషి తెల్లవాడు. తలుచుకుంటే దేశమంతా ఒక్కటవుతుంది. రెండో కథలో దోషి మన ఊరివాడే. తలుచుకుంటే ఊరు రెండవుతుంది. అందుకే ఒకటి జాతి వారసత్వం అయింది, ఇంకొకటి వాడ జ్ఞాపకంగా మిగిలింది.

అంబేద్కర్ స్మారకాలు తక్కువేం లేవుగదా అని కొందరంటారు. నిజమే. ప్రభుత్వం పంచతీర్థాలని పేరుపెట్టింది. పుట్టిన మౌ, చదువుకున్నప్పుడు ఉన్న లండన్ ఇల్లు, దీక్ష తీసుకున్న నాగపూర్, కన్నుమూసిన ఢిల్లీ, దహనం జరిగిన ముంబై చైత్యభూమి. మౌ స్టేషనుకి డాక్టర్ అంబేద్కర్ నగర్ అని పేరు కూడా పెట్టారు. ఈ ఐదూ మనకి పవిత్రమైనవే. వాటిలో ఆయన మహాపురుషుడిగా కనపడతాడు. ఆయన్ని ఎవరు అవమానించారో, ఎట్లా అవమానించారో చెప్పే చోటు ఆ ఐదింటిలో లేదు. కులం లేకుండా అంబేద్కర్‌ని చూపించడం పాలకులకి సులువు. మసూరుని చూపిస్తే మాస్టరునీ బండివాణ్ణీ కూడా చూపించాలి.

ఏం కాపాడాలి, ఎట్లా కాపాడాలి

గేజి మార్పుల్లో, రెండో లైను పనుల్లో, కొత్త భవనాల్లో పల్లెటూరి స్టేషన్ల పాత రూపాలు పోతుంటాయి. కాబట్టి ఇటుకల్ని మాత్రమే నమ్ముకుని వారసత్వం అంటే మనకి మిగిలేది తక్కువ. మసూరు లాంటి చోట కాపాడాల్సింది ఒక స్థలపటాన్ని. ప్లాట్‌ఫారం ఎక్కడ, మాస్టరు గది ఎక్కడ, బండ్లు ఆగేచోటు ఎక్కడ, అక్కడి నుంచి కోరెగావ్ బాట ఎటు పోయింది, టోలుగేటు ఎక్కడ ఉండేది. ఈ దూరాలే ఆ కథ. ప్లాట్‌ఫారానికీ బండ్ల అడ్డాకీ మధ్య నాలుగడుగుల దూరాన్ని దాటడానికి ఆ పిల్లలకి గంటన్నర పట్టింది. అక్కడ నిలబడ్డవాడికి ఆ సంగతి తెలియాలి. విగ్రహం పెట్టి దండ వేస్తే అది తెలియదు. ఆయన రాసిన ఆ కొన్ని పేజీలు మరాఠీలో, హిందీలో, తెలుగులో అక్కడే చదవడానికి దొరకాలి. స్టేషనులో దిగిన బడిపిల్లలు ఆ బాటన నడవాలి.

రెండో పని మన ఊళ్లలోనే ఉంది. మన వాడల్లో రైల్వే గ్యాంగుల్లో పనిచేసి రిటైరైన తాతలు ఉన్నారు. ఎవరు ఏ సెక్షనులో చేశారు, మేస్త్రీ ఎవరు, క్వార్టర్లు ఎక్కడ కట్టారు, స్టేషను కుళాయి దగ్గర ఎవరిని ఏమన్నారు, ఎవరి కొడుకు గుమాస్తా అయ్యాడు, ఎవరిని అవ్వనివ్వలేదు. వీటిని అడిగి రాసిపెట్టాలి. పాత పాసులు, జీతం చీటీలు, యూనియన్ రసీదులు ట్రంకుపెట్టెల్లో ఉంటాయి. వాటిని చెదలు తినకముందే నకళ్లు తీయించాలి. ఉపాధ్యాయ మిత్రులు ఒక్కో సెలవుల్లో ఒక్కో స్టేషను తీసుకున్నా చాలు. కంపెనీ దస్త్రాల్లో ఇంజనీర్ల పేర్లు ఉంటాయి, గ్యాంగ్‌మన్ పేరు మనం రాస్తేనే ఉంటుంది.

జ్ఞాపకాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టి కూర్చోవద్దని మనకి నేర్పిన ఊరు కూడా రైలు లైను మీదిదే. తెనాలి దాటాక వచ్చే చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. వాళ్లని అక్కడి దళితులు ఊరి నడుమే పూడ్చుకుని ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కేసు విచారణ కూడా చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తీర్పు తారుమారైంది గాని రక్తక్షేత్రం కదల్లేదు. ఎవరి అనుమతీ అడక్కుండా కట్టుకున్న వారసత్వం అంటే అది.

మూడోది, గతాన్ని కాపాడుతున్నాం అనే పేరుతో వర్తమానాన్ని దాచిపెట్టొద్దు. పట్టాల మీది మలం ఎత్తే పని ఏ కులాలకి అప్పగించారో అందరికీ తెలుసు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు కట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. పట్టాల మీద ఈ పనిని గడువు పెట్టుకుని అంతం చెయ్యాలని 2014 మార్చి 27 తీర్పులో కోర్టు రైల్వేలకి చెప్పాల్సి వచ్చింది. రైలు వచ్చిన నూట అరవై ఏళ్ల తర్వాత ఒక కోర్టు ఆ మాట చెప్పాల్సి రావడం కూడా రైల్వే వారసత్వంలో భాగమే. మ్యూజియంలో ఆవిరి ఇంజను పక్కన ఆ తీర్పు ప్రతి, ఆ చీపురు, ఆ రేకు కూడా ఉండాలి.

పాత స్టేషన్ని కాపాడదాం అని ఎవరన్నా వస్తే మనం కాదనొద్దు, వాళ్లతో కూర్చుందాం. కూర్చుని మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ లైను వేసిందీ, ఈ లైనుని రోజూ నిలబెట్టిందీ ఎవరు? ఈ స్టేషనులో నీళ్లు ఎవరికి ఎట్లా పోశారు? ఇక్కడ దిగిన వాడమనిషి ఇంటికి ఎట్లా చేరాడు? ఈ మూడింటికీ జవాబు గోడమీద రాయడానికి ఒప్పుకుంటే సున్నం మనమే కలుపుదాం, ఇటుక మనమే మోద్దాం. ఒప్పుకోకపోతే అది భవనానికి చేసే మరమ్మతే తప్ప చరిత్రను కాపాడటం కాదని అక్కడే, వాళ్ల ముందే చెబుదాం.